పద్దెనిమిది టన్నులు లాగే పికప్ – దాని వందేళ్ళ కథ



పోయిన వారం టెక్సాస్‌లో ఉన్న మా మేనల్లుడు ఒక వీడియో పంపాడు. ఒక పికప్ బండి, దాని వెనక మా ఇంటి ముందు వీధంత పొడుగు ట్రైలర్, దాని మీద రెండు వరసల్లో గడ్డి చుట్టలు. డ్రైవరు ఏసీలో కూర్చుని, కాఫీ తాగుతూ ఒంటి చేత్తో తోలుతున్నాడు. "మావయ్యా, వీటిల్లో పెద్దది పద్దెనిమిది టన్నులు లాగుద్దంట. మన దగ్గర ఇట్టాంటివి ఎందుకు రావు?" అని కింద రాశాడు. మా ఊరి కుర్రాళ్ళకు చూపిస్తే ఒకడు "బాబాయ్, ఫోర్డ్ మంచిదా, షెవర్లే మంచిదా, రామ్ మంచిదా?" అని రేపే కొనేవాడిలాగా అడిగాడు.

నవ్వొచ్చింది గానీ, ప్రశ్న మాత్రం వదల్లేదు. వారం రోజులు రాత్రిపూట కూర్చుని ఈ బళ్ళ చరిత్ర చదివాను. ఎంత లాగుద్దో చూద్దామని మొదలుపెట్టి, చివరికి పాతికేళ్ళ కిందటి నా సొంత తప్పు దగ్గరికొచ్చి ఆగాను. అదీ చెబుతాను. పోస్టు పొడుగే, ఓపికగా చదవండి.

ముందుగా ఒక మాట. మన వైపు ట్రక్కు అంటే ట్రాక్టర్ వెనక తగిలించేది. అమెరికాలో ట్రక్కు అంటే ఇంజిన్ ఉన్న బండే. గందరగోళం లేకుండా వాళ్ళ బండిని పికప్ అంటాను, దాని వెనక తగిలించేదాన్ని ట్రైలర్ అంటాను. ట్రక్కు అన్నానంటే అది మన ట్రాక్టర్ ట్రక్కే.

పికప్‌ను కంపెనీల కంటే ముందు తయారుచేసుకున్నది రైతులే. ఫోర్డ్ మోడల్ టీ కారు 1908లో వచ్చింది. ఇరవై హార్స్ పవర్. అమెరికా రైతులు ఆ కారు వెనక భాగం కోసేసి చెక్క తొట్టి బిగించుకున్నారు. పాలక్యాన్లు, కోడిగుడ్లు, ధాన్యం అందులోనే సంతకు. ఇంటికొచ్చాక వెనక చక్రం జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి కట్టెలు కోసుకున్నారు, నీళ్ళు తోడుకున్నారు. మన దగ్గర ఆయిల్ ఇంజిన్‌కి బెల్టు వేసి చేసిన పనులన్నీ వాళ్ళు కారుతో చేశారన్నమాట.

ఇది చూసి ఫోర్డ్ 1917లో మోడల్ టీటీ అని ఒక టన్ను మోసే చాసిస్ తెచ్చింది. ధర 600 డాలర్లు. తొట్టి మాత్రం కొన్నవాడే కట్టించుకోవాలి. 1925 ఏప్రిల్‌లో తొట్టి కూడా ఫ్యాక్టరీలోనే బిగించి 281 డాలర్లకు అమ్మారు. తొలి ఏడాదే ముప్పై వేలకు పైగా పోయాయి.

ఇక్కడ ఒక సంగతి నన్ను ఆపింది. ఆ మోడల్ టీకి కాలితో నొక్కే బ్రేకు చక్రాల మీద పనిచేసేది కాదు. గేర్‌బాక్సులో ఒక పట్టీ బిగుసుకుని బండి ఆగేది. ముందు చక్రాలకు బ్రేకే లేదు. ఆ పట్టీ అరిగితే దిగుడులో రివర్స్ పెడల్ తొక్కి బండిని నెమ్మదింపజేసేవాళ్ళు. అంటే మొదటి రోజు నుంచీ లాగడం మీద ఉన్న శ్రద్ధ ఆపడం మీద లేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక సైన్యానికి చేసిన బళ్ళు పొలాల్లోకి వచ్చాయి. డాడ్జ్ పవర్ వ్యాగన్ 1946లో అలా వచ్చిందే. నాలుగు చక్రాల నడక, ముందు తాడు చుట్టే వించి, పీటీఓ కూడా. 1948 మోడల్‌తో ఫోర్డ్ ఎఫ్ సిరీస్ మొదలైంది. ఎఫ్-1 అంటే అర టన్ను, ఎఫ్-2 అంటే ముప్పావు టన్ను. 1953లో వాటినే ఎఫ్-100, ఎఫ్-250, ఎఫ్-350 అని మార్చారు. ముప్పావు టన్ను, ఒక టన్ను తరగతుల్నే ఇప్పుడు హెవీ డ్యూటీ అంటున్నారు. టన్ను అనేది ఇప్పుడు పేరుకే, మోసేది అంతకంటే చాలా ఎక్కువ.

సుఖం కూడా అప్పుడే మొదలైంది. 1948 బండికి క్యాబిన్ ఒక్కదాని మీదే పది లక్షల డాలర్లు ఖర్చుపెట్టామని ఫోర్డ్ చాటుకుంది. 1957లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీ ట్రావెలెట్ అనే బండి తెచ్చింది. ముందు వరసా, వెనక వరసా రెండూ ఉన్న క్యాబిన్ ఫ్యాక్టరీ నుంచే రావడం పికప్‌లో అదే మొదలు. కూలీలనీ, కుటుంబాన్నీ ఒకే బండిలో ఎక్కించొచ్చు.

ఇంటర్నేషనల్ అనగానే మీలో పెద్దవాళ్ళకు వెలిగే ఉంటుంది. అవును, అదే. 1963లో మహీంద్రాతో కలిసి మన దేశంలో ట్రాక్టర్ కంపెనీ పెట్టింది ఈ ఇంటర్నేషనల్ హార్వెస్టరే. బి-275 ట్రాక్టర్ అలా వచ్చిందే. మా ఊళ్ళోకి దిగిన తొలి ట్రాక్టర్ అదే. దాని స్టీరింగ్ పట్టుకోవడానికి మేము బడి ఎగ్గొట్టేవాళ్ళం.

ఇప్పుడు కోళ్ళ సంగతి. పికప్ కథలో కోళ్ళేంటి అంటారేమో. 1960 ప్రాంతంలో అమెరికా బ్రాయిలర్ కోడి చవగ్గా పశ్చిమ జర్మనీకి దిగుమతి అయ్యేది. అక్కడి రైతులు మొత్తుకున్నారు. యూరప్ దేశాలు అమెరికా కోడి మీద సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొన్ని సరుకుల మీద 25 శాతం సుంకం వేశాడు. బంగాళదుంప పిండి, బ్రాందీ, వాటితోపాటు చిన్న ట్రక్కులూ ఉన్నాయి. మిగతావాటి మీద సుంకాలు తర్వాత పోయాయి, ట్రక్కుల మీద మాత్రం నిలబడిపోయింది. ఇప్పటికీ దానికి కోడి పన్ను అనే పేరు. బయటి కంపెనీల పోటీ పెద్దగా లేక ఫోర్డ్, షెవర్లే, డాడ్జ్ మూడూ పికప్‌ల మీదే బలిశాయి. రైతు కోడి గురించి మొదలైన తగవు, రైతు ఏ బండి కొనాలో తేల్చేసింది.

అసలు బలం మాత్రం డీజిల్‌తో వచ్చింది. అదీ ట్రాక్టర్ల ఇంటి నుంచే. ఫోర్డ్ 1983లో తన పెద్ద పికప్‌లో పెట్టిన 6.9 లీటర్ల డీజిల్ ఇంజిన్ ఇంటర్నేషనల్ హార్వెస్టర్‌ది. డాడ్జ్ 1989లో పెట్టింది కమిన్స్ వారి 5.9 లీటర్ల ఇంజిన్. ఈ ఇంజిన్‌ను కమిన్స్ కంపెనీ కేస్ అనే ట్రాక్టర్ కంపెనీతో కలిసి తయారుచేసింది. ముందు వ్యవసాయ యంత్రాల్లో, మట్టి తవ్వే యంత్రాల్లో పనిచేసి, తర్వాత పికప్‌లోకి ఎక్కింది.

అప్పటికి డాడ్జ్ పికప్ పరిస్థితి ఏమీ బాగోలేదు. 1972 నాటి పాత ఒళ్ళే. ఆ పాత ఒంట్లో ఈ కొత్త గుండె పెట్టారు. హార్స్ పవర్ చూస్తే 160 మాత్రమే. టార్క్ మాత్రం సుమారు 540 న్యూటన్ మీటర్లు. ఈ రెండిటికీ తేడా రైతుకు చెప్పక్కర్లేదు. హార్స్ పవర్ అంటే పని ఎంత తొందరగా అవుతుందో. టార్క్ అంటే ఇరుసును తిప్పే బలం. దిగబడ్డ బండిని లేపేది పరుగెత్తే గుర్రం కాదు, మెడ వంచి అడుగేసే ఎద్దు. కమిన్స్ ఇంజిన్ ఎద్దు జాతి. ఆరు సిలిండర్లూ వరసగా, నెమ్మదిగా తిరుగుతూనే పూర్తి బలం ఇస్తుంది.

ఆ జాతి మనకూ తెలిసిందే. 1962లోనే పూణేలో కిర్లోస్కర్ కమిన్స్ మొదలైంది. తర్వాత జంషెడ్‌పూర్‌లో టాటా కమిన్స్ పెట్టి, ఇదే బి సిరీస్ ఇంజిన్లు మన టాటా లారీలకు చేశారు. మిర్చి యార్డు ముందు బారులు తీరే లారీల్లో కొన్నిటికీ, ఆ టెక్సాస్ పికప్‌కూ ఒకటే వంశం అని తెలిసినప్పుడు నాకు భలే అనిపించింది.

ఇక అక్కడి నుంచి ఒకటే పోటీ. 2001లో షెవర్లే, జీఎంసీ బళ్ళకు డ్యూరామాక్స్ 6.6 లీటర్ల డీజిల్ వచ్చింది. జపాన్ ఇసుజుతో కలిసి చేసింది. 300 హార్స్ పవర్, సుమారు 705 న్యూటన్ మీటర్లు. దానికి అలిసన్ వారి ఆటోమేటిక్ గేర్‌బాక్సు. ఫోర్డ్ 1999 మోడల్‌తోనే బరువు పనికి సూపర్ డ్యూటీ అని వేరే బండి విడదీసింది. 2011కి ఇంజిన్ కూడా సొంతంగా చేసుకుంది. ఒకరు ఈ ఏడు పెంచితే ఇంకొకరు పై ఏడు పెంచడం.

మా కుర్రాడు అడిగాడు కాబట్టి మూడూ పక్కపక్కన పెడతాను. 2023 నుంచి 2025 వరకు వచ్చిన మోడళ్ళ డీజిల్ లెక్కలివి.

ఫోర్డ్ సూపర్ డ్యూటీ: 6.7 లీటర్ల పెద్ద రకం ఇంజిన్, 500 హార్స్ పవర్, సుమారు 1,627 న్యూటన్ మీటర్లు. ఎఫ్-450 బండి 40,000 పౌండ్లు, అంటే 18 టన్నుల పైచిలుకు లాగుతుంది. మా మేనల్లుడు చెప్పిన లెక్క ఇదే.

రామ్ 3500: కమిన్స్ 6.7 లీటర్లు, 2025లో 430 హార్స్ పవర్, సుమారు 1,457 న్యూటన్ మీటర్లు. లాగుడు 16 టన్నుల పైన.

షెవర్లే సిల్వరాడో 3500: డ్యూరామాక్స్ 6.6 లీటర్లు, 470 హార్స్ పవర్, సుమారు 1,322 న్యూటన్ మీటర్లు. లాగుడు 36,000 పౌండ్లు, అదీ 16 టన్నుల పైనే.

మన బొలేరో పికప్ టార్క్ 200 దగ్గర. పోల్చి చిన్నబుచ్చుకోవద్దు, దాని పని వేరు, దాని ధర వేరు.

సుఖానికొస్తే, షెవర్లేకి ముందు చక్రాలు దేనికది విడిగా ఆడతాయి, అందుకని గతుకుల్లో మెత్తగా పోతుంది. ఫోర్డ్, రామ్ రెండిటికీ ముందు కూడా ఒకటే ఇరుసు. మొరటే గానీ గట్టి. రామ్ 2500కి 2014 నుంచి వెనక కమాను పట్టీలు తీసేసి కాయిల్ స్ప్రింగులు పెట్టారు. ఖాళీగా పోయేటప్పుడు ఎగిరెగిరి పడే బాధ తగ్గింది. టెక్నాలజీలో షెవర్లే, జీఎంసీ 2020 నుంచి కెమెరాలతో ట్రైలర్ వెనక ఏముందో ట్రైలర్ అడ్డే లేనట్టు చూపిస్తాయి. ఫోర్డ్‌లో ట్రైలర్‌ను రివర్స్ చేయాలంటే ఒక గుండీ తిప్పితే చాలు, స్టీరింగ్ అదే తిరుగుతుంది. ట్రక్కు రివర్స్ చేయడంలో తంటాలు పడ్డవాళ్ళకు దీని విలువ తెలుస్తుంది.

ఈ 18 టన్నులు వెనక బంపర్‌కి తగిలిస్తే లాగలేరు. తొట్టి మధ్యలో, వెనక ఇరుసుకు సరిగ్గా పైన ఒక ఉక్కు గుండు ఉంటుంది. కొంగ మెడలా వంగిన ట్రైలర్ కమ్మీ దాని మీద కూర్చుంటుంది. బరువు ఇరుసు మీద పడుతుంది గానీ తోక మీద పడదు. మన ట్రక్కులో బరువు వెనక కొక్కెం మీద పడి, ట్రాక్టర్ ముందు చక్రాలు గాల్లోకి లేవడం మనం చూస్తూనే ఉంటాం కదా. ఆ బాధ దానికి లేదు.

ఇక నా సంగతి. సుమారు పాతికేళ్ళ కిందట. మొక్కజొన్న బస్తాలతో ట్రక్కు నింపుకుని వస్తున్నాం. మా మామ ట్రాక్టర్, 35 హార్స్ పవర్. నేను తోలుతున్నా, మా తమ్ముడు మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. ఊరి బయట కాలవ వంతెన దిగుడు. డీజిల్ కలిసొస్తుందని న్యూట్రల్ చేశాను. అందరూ చేసేవాళ్ళు, నేనూ చేశాను. సగం దిగుడులో ట్రక్కు వెనక నుంచి తోసుకురావడం తెలిసింది. బ్రేకు తొక్కితే ట్రాక్టర్ ఆగింది, ట్రక్కు ఆగలేదు. దానికి బ్రేకే లేదుగా. పక్కకు మడతపడి ట్రాక్టర్‌ను తిప్పేసింది. బస్తాలు కాలవలో పడ్డాయి, తమ్ముడి కాలు చక్రానికీ గట్టుకూ మధ్య పడింది. ప్రాణం దక్కింది. ఆ మోకాలు ఇప్పటికీ వంగదు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇన్నాళ్ళూ బరువు ఎక్కువైంది, అందుకే అలా అయిందని చెప్పుకుంటూ వచ్చాను. ఈ చరిత్ర చదివాక అది పూర్తి నిజం కాదని ఒప్పుకోవాల్సి వచ్చింది.

కమిన్స్ కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్ అనే ఆయనకీ ఇలాంటిదే జరిగింది. డీజిల్ ఇంజిన్ గొప్పతనం చూపించడానికి 1931లో ఒక లారీ మీద అమెరికా ఈ చివర నుంచి ఆ చివరకు పోయాడు. కాలిఫోర్నియాలో కెహాన్ అనే కనుమ దిగుతుంటే బ్రేకులు వేడెక్కి పనిచేయడం మానేశాయి. కింద రైలు పట్టాలు, వాటి మీద గూడ్సు రైలు వెళ్తోంది. వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. ఇంజిన్‌కి లాగే బలం ఉన్నప్పుడు ఆపే బలం ఎందుకు ఉండకూడదని ఆయన అప్పటి నుంచీ ఆలోచించాడు. రిటైరయ్యాక ఇంజిన్‌తోనే బండిని నిలవేసే బ్రేకు కనిపెట్టాడు. 1961లో జేకబ్స్ కంపెనీ దాన్ని తయారుచేసి అమ్మడం మొదలుపెట్టింది. పెద్ద లారీలు దిగుడులో పటపటమని చప్పుడు చేస్తాయే, అది జేక్ బ్రేకు చప్పుడు.

పికప్‌లోకి ఆ ఆలోచన రావడానికి చాలా కాలం పట్టింది. 2007లో వచ్చిన 6.7 కమిన్స్‌లో పొగ గొట్టం దారిని టర్బోతోనే బిగించి ఇంజిన్‌ను బరువెక్కించే బ్రేకు ఫ్యాక్టరీ నుంచే వచ్చింది. సూత్రం వేరైనా పని ఒకటే. దిగుడులో గేరు ఉండాలి, ఇంజిన్ పట్టుకోవాలి, కాలి బ్రేకు చల్లగా ఉండాలి. న్యూట్రల్ చేస్తే ఆ పట్టంతా పోతుంది. నేను చేసింది అదే.

ట్రైలర్ సంగతి కూడా చూడండి. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో సుమారు 1,360 కిలోలు దాటితే ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాల్సిందే. ట్రైలర్ చక్రం డ్రమ్ములో ఒక కరెంటు అయస్కాంతం ఉంటుంది. పికప్‌లో బ్రేకు తొక్కగానే అక్కడికి కరెంటు పోయి ఆ చక్రాలూ ఆగుతాయి. దాన్ని నడిపే పెట్టెను జనం బయట కొని బిగించుకునేవాళ్ళు. 2005లో ఫోర్డ్ సూపర్ డ్యూటీ డ్యాష్‌బోర్డులోనే పెట్టి ఇచ్చింది. ఇంకా కింద రెండు గొలుసులు, ఇంటూ గుర్తులా అడ్డంగా. ట్రైలర్ ఊడిపోతే ఒక తీగ పిన్నును లాగేస్తుంది, ట్రైలర్ మీదున్న చిన్న బ్యాటరీ దాని చక్రాలను పట్టేస్తుంది.

అయినా కంపెనీలు లాగుడు లెక్కల్లో ఇష్టం వచ్చినట్టు చెప్పుకునేవి. ఎవరి కొలత వారిది. చివరికి ఎస్ఏఈ అనే ఇంజినీర్ల సంస్థ 2008లో జే2807 అని ఒక పరీక్ష రాసింది. అరిజోనాలో డేవిస్ డ్యామ్ పక్కన 18 కిలోమీటర్ల ఎగుడు ఉంది. మండే ఎండలో, ఏసీ పూర్తిగా పెట్టి, చెప్పిన బరువుతో ఆగకుండా ఎక్కాలి. చెప్పిన వేగం తగ్గకూడదు. 12 శాతం వాలులో హ్యాండ్ బ్రేకుతో నిలబడాలి. బ్రేకు పరీక్ష వేరే ఉంది. టయోటా 2011లో అందరికంటే ముందు ఒప్పుకుంది. తన టండ్రా బండి లాగుడు లెక్క తగ్గినా సరే, తగ్గించే రాసింది. మిగతావాళ్ళు తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. లెక్క తగ్గించి రాసుకోవడానికి ధైర్యం కావాలి కదా.

ఇంత మంచి బండి ఇప్పుడు చిన్న రైతుకు అందుతోందా అంటే, లేదు. 281 డాలర్ల దగ్గర మొదలైంది, పై రకాలు ఇప్పుడు లక్ష డాలర్లు దాటాయి. ఫోర్డ్ కింగ్ రాంచ్ అనే పేరుతో తోలు సీట్ల బండి అమ్ముతుంది. అది టెక్సాస్‌లో ఎనిమిది లక్షల ఎకరాలకు పైబడిన పశువుల క్షేత్రం పేరు. పేరు పొలానిది, ధర మాత్రం పొలం మీద బతికే చిన్నవాడికి కాదు.

రిపేరు ఇంకో బాధ. 1998 దాకా వచ్చిన పాత కమిన్స్ డీజిల్ పంపులో కంప్యూటర్ లేదు, రెంచీ తెలిసినవాడు విప్పి బిగించుకునేవాడు. అందుకే ఆ పాత బళ్ళను ఇప్పటికీ అక్కడివాళ్ళు వెతికి కొంటారు. తర్వాత పొగ వడకట్టే ఫిల్టర్లు, యూరియా ద్రవం వచ్చాయి. మనం పొలానికి చల్లే యూరియానే, శుద్ధి చేసి, నీళ్ళలో 32.5 శాతం కలిపి బండికి పోస్తారు. గాలికి మంచిదే, కాదనను. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6తో మన బళ్ళకూ ఆ కాలం వచ్చింది. దీపం వెలిగితే లాప్‌టాప్ ఉన్నవాడి దగ్గరికే పోవాలి. అక్కడి రైతులు ఈ విషయం మీద చట్టాల దాకా పోయారు. కొలరాడో రాష్ట్రం 2023లో వ్యవసాయ యంత్రాలను రైతే బాగుచేసుకునే హక్కు చట్టం చేసింది.

మేనల్లుడికి నేను రాసిన జవాబు ఇది. అబ్బాయ్, మన రోడ్లకూ, మన రెండెకరాల పంటకూ ఆ బండి అక్కర్లేదు. దాని వెనక ఉన్న ట్రైలర్ మాత్రం కావాలి. బ్రేకున్న ట్రైలర్, గొలుసున్న ట్రైలర్, వెనక ఎర్ర దీపం వెలిగే ట్రైలర్.

మా ఇంట్లో ఇప్పుడు పద్ధతి ఇది. దిగుడు మొదలవక ముందే చిన్న గేరు వేయాలి, మధ్యలో మార్చకూడదు, న్యూట్రల్ అసలే వద్దు. మడ్‌గార్డు మీద ఎవరూ కూర్చోకూడదు, ఇంటి మనిషైనా సరే. ట్రక్కుకు పిన్నుతోపాటు గొలుసు ఉండాలి. వెనక రేడియం స్టిక్కర్లు, దీపం ఉండాలి. మా అబ్బాయి ట్రాక్టర్ ఎక్కితే మా తమ్ముడే ఎదురొచ్చి గొలుసు వేశావా అని అడుగుతాడు.

మీ ఊళ్ళో ఎవరైనా ట్రక్కుకు బ్రేకులు పెట్టించి ఉంటే, ఎలా పెట్టించారో, ఎంత అయిందో కింద రాయండి. ఫొటో ఉంటే పెట్టండి. మా వైపు చాలామందికి పనికొస్తుంది.